రెండు గుంతల నీళ్ళు

మా ఇంట్లో గుంతలు రెండు. ఒకటి ముందు గదిలో, మగ్గం కింద. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్ళు ఆ గుంతలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కల మీద పెడతాడు. రెండోది పెరట్లో, బాత్‌రూము గోడ వెనక. ఇల్లు కట్టినప్పుడు కరెంటు ఎర్తింగ్ కోసం తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప పైపు దించి పూడ్చిన గుంత. మొదటిదానికి పసుపు, కుంకుమ, టెంకాయ. రెండోది ఒకటుందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఈ రెండింటికీ ఒక హార్డ్‌డిస్కు దగ్గర చుట్టరికం కలుస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, మజ్జిగ తాగి పడుకోమని చెప్పేదాన్ని.

నేను పుట్టింది గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో. ధర్మవరం కోడలినయ్యాకే మగ్గం ముఖం చూశాను. మా ఆయన పట్టుచీరలు నేస్తాడు. నేను ఆ చీరల అంచులూ కొంగులూ కంప్యూటర్లో గీస్తాను. గీయడమంటే గళ్ళు నింపడమే. గడి నిండితే అక్కడ పోగు లేస్తుంది, ఖాళీగా ఉంటే లేవదు. ఆ గళ్ళను చూసి బజారు దుకాణంలో అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం నెత్తినెక్కి, ఏ పోగు ఎప్పుడు లేవాలో చెబుతుంది. లేస్తుందా, లేవదా? దానికి తెలిసిన భాష అంతే. హార్డ్‌డిస్కులో రాత కూడా ఉన్నదీ లేనిదీ అనే రెండు మాటలతోనే అని కంప్యూటర్ క్లాసులో విన్న రోజు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పక్కన కూర్చున్న అమ్మాయి ఆవులిస్తోంది. ఇంత పెద్ద సంగతి చెబితే ఆవలింత ఎలా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

మా అత్త అసలు నేతగత్తె కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన మగ్గానికి తాళ్ళు లాగేది. అట్టలు ఇంకా వాళ్ళ ఇంటిదాకా రాని కాలం. అప్పట్లో అంచు మీద బొమ్మంతా జాలలో ఉండేది. జాల అంటే మగ్గం అవతలి కొసన పోగులకు కట్టిన తాళ్ళ గుత్తి. నేసేవాడు ఇటు కూర్చుంటే, తాళ్ళు లాగే పిల్ల అటు, ఆయనకు ఎదురుగా కూర్చోవాలి. ఆయన పేక, అంటే అడ్డపోగు, తోసిన ప్రతిసారీ సరైన తాడు లాగాలి. తప్పు తాడు లాగితే బొమ్మ చెడుతుంది, వీపు పగులుతుంది. వాళ్ళ నాయన సొంతంగా కట్టుకున్న అంచు ఒకటుండేదట. వరసగా జొన్న కంకులు, కంకికొక పిట్ట. నేసిన చీరలన్నీ అమ్మకానికే పోయాయి. జాలను చెదలు తిన్నాయి. ఆయనా పోయాడు.

"చెప్పత్తా, నేను గీస్తా" అన్నాను ఒక చలికాలం.

"చెప్పేదానికి యాడొస్తాది మ్మే? తాడిస్తే లాగుతా."

సరేనని పాత మంచాన్ని గోడకు నిలబెట్టి, దాని పట్టెకు వరసగా తాళ్ళు కట్టాను. ఆమె ముందు కూర్చుంది. కాసేపు తాళ్ళను నిమిరింది. కళ్ళు మూసుకుని లాగడం మొదలుపెట్టింది.

నేను నోరు తెరుచుకుని చూశాను. నిన్న ఏం కూర వండామో గుర్తులేని మనిషి. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి. ఆ చేతులు మాత్రం తడబడకుండా ఒక తాడు మీది నుంచి ఇంకో తాడు మీదికి పోతున్నాయి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగిపోయేది, మళ్ళీ కంకి మొదటికి రావాల్సిందే. ఏ తాడు తర్వాత ఏ తాడో ఆమెకు తెలియదు, వేళ్ళకు తెలుసు. నేను తెరను బాగా పెద్దది చేసుకుని, ఆమె లాగిన కొద్దీ గళ్ళు నింపుకుంటూ పోయేదాన్ని. ఆమె ఒక్కసారీ తెర వైపు చూడలేదు. చూస్తే చేయి మరిచిపోతుందని భయం.

ఒక చోట మాత్రం పిట్ట తిరగబడి వచ్చింది. తక్కిన పిట్టలన్నీ ఒకవైపు చూస్తుంటే ఇదొక్కటి వెనక్కి చూస్తోంది.

"అత్తా, తప్పు పోయినావు. పిట్ట ఎనక్కి తిరిగింది."

"నాకేం తెలుసు? చేతికి ఎట్లొస్తే అట్ల లాగినా. మళ్ళీ లాగమంటావా?"

మళ్ళీ లాగింది. మళ్ళీ అదే పిట్ట, అదే మెడ. సరే, అంచు కట్టిన పెద్దాయన తప్పే అయ్యుంటుందని వదిలేశాను.

అంచు పూర్తయిన కొన్నాళ్ళకే ఆమెకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం పోయింది కానీ కీళ్ళను వదిలిపెట్టలేదు. వేళ్ళు వాచి, కొయ్యబారి, కాఫీ గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి. ఒకరోజు నేను లేనప్పుడు మంచం దగ్గర కూర్చుని తాళ్ళు పట్టుకుని చూసిందట. పట్టు చిక్కలేదు. "ఏమీ రాల్యా పాపా. ఎవురో తుడిచేసినట్లుండాది" అని నాతో చెప్పింది. ఆమె గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. చాలా దిగులుపడ్డాను. ఇక ఆ అంచు ఉన్నది నేను నింపిన గళ్ళలో మాత్రమే.

ఎండాకాలం మొదట్లో కంప్యూటర్ మొరాయిస్తే, ఉన్నదంతా ఒక పెద్ద హార్డ్‌డిస్కులోకి మార్చి, కంప్యూటర్ను శుభ్రంగా తుడిచేయించాం. డిస్కును బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు మా ఇంట్లో లేదు.

అది బయటికి తీసిన రోజు అమావాస్య. అమావాస్యనాడు మా వీధిలో మగ్గాలు ఆడవు. అట్టలు కొట్టే దుకాణమూ మూతే. కొత్త పడుగు, అంటే చీర నిలువు పోగులు, అప్పటికే మగ్గానికి ఎక్కింది. మర్నాడు అత్త అంచు మొదలుపెట్టాలని మా ఆయన ఆశ. తెల్లవారి అట్టలకు ఇవ్వడానికి ఫైలు సిద్ధం చేసుకుందామని నేను కూర్చున్నాను.

"అమాసపూట మిషను ముట్టుకుంటాండావా?" అంది అత్త.

"ఇది మగ్గం కాదు గదత్తా."

"గళ్ళు నింపేది గదా. అదీ మగ్గమే."

డిస్కుకు దాని అడాప్టరు పెట్టి, కేబులు కంప్యూటర్‌కు తగిలించాను. నీలం లైటు వెలిగింది. లోపల జుయ్యిమని తిరుగుతున్న శబ్దం. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. కేబులు మార్చాను. ముందువైపు రంధ్రంలో కాకుండా వెనకవైపు పెట్టాను. ఆపి మళ్ళీ వెలిగించాను. డిస్కులన్నీ చూపించే చోట వెతికితే కంప్యూటర్ సొంత డిస్కు ఒక్కటే ఉంది. ఒకసారి మాత్రం ఏదో గుర్తు తెలియని వస్తువు తగిలిందని చెప్పి, మరుక్షణం లేదంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది దాని వ్యవహారం. ఒళ్ళో పెట్టినా దానికి కనిపించడం లేదు.

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను.

"టకటకమంటాందా అక్కా?"

"లేదు. మామూలుగానే తిరుగుతాంది."

"అట్లయితే ప్రాణముండాది. రేపు తీసుకురా, చూస్తాం. లోపల ఏమన్నా పోయింటే మాత్రం ఇప్పాల. ఇప్పితే నేను మాటియ్యలేను."

మా అత్త పక్కనే నిలబడి అంతా విన్నది. రెండు చేతులూ చూసుకుంది, వాటిని కొంగులో దాచుకుంది. రేపు మొదటి బస్సుకు మా ఆయన డిస్కు తీసుకుపోయేట్టు అనుకున్నాం.

అత్త ఊరుకునే మనిషి కాదు. వంటింట్లోకి పోయి చేటలో రాళ్ళుప్పు తెచ్చింది. "దిష్టి తగిలిండాది. ఇంటికొచ్చినోళ్ళందరికీ మా అత్త అంచు, మా అత్త అంచు అని చెప్తివి గదా" అంటూ డిస్కు చుట్టూ, కంప్యూటర్ చుట్టూ తిప్పసాగింది. నేను నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాను. అంతలో ఆమె మోచెయ్యి కంప్యూటర్ డబ్బాకు తగిలింది.

"అబ్బా! కరెంటు కొడతాంది మ్మే!"

"ఎండాకాలం గదత్తా, అది అట్లే జివ్వుమంటాది" అన్నాను. అన్న తర్వాతే ఆ మాట నా చెవికి తగిలింది. ఎండాకాలంలో ఎందుకు జివ్వుమనాలి? ఆ డబ్బా ముట్టుకున్నప్పుడల్లా ఒళ్ళు జల్లుమంటోందని నేను రబ్బరు చెప్పులు తొడుక్కుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అలవాటు చేసుకున్నాక మరిచిపోయాను. అత్తవి ఉత్త కాళ్ళు. టెస్టరు తెచ్చి డబ్బాకున్న ఇనుప స్క్రూకు ఆనించాను. ఎర్ర దీపం నిక్షేపంగా వెలిగింది. వెలగకూడని చోట.

అప్పుడు గుర్తొచ్చాడు మా నాయన. ఆయనది రైల్వేలో సిగ్నళ్ళ పని. ఎండలు ముదిరితే పట్టాల పక్కన, సిగ్నల్ పెట్టెల దగ్గరున్న ఎర్తింగ్ గుంతల్లో క్యానుతో నీళ్ళు పోసేవాడు. మా క్వార్టర్సు పక్కనున్నదానికీ ఆయనే పోసేవాడు. మా అమ్మ కేకలేసేది. "మనకు తాగేదానికే ల్యావంటే నువ్వు మన్నుకు పోస్తాండావా?" ఆయన పోయడం ఆపకుండానే నా వైపు తిరిగి, "నేల గూడా ఒక వైరే పాపా. తడి ఉన్నెంతసేపే" అనేవాడు. నేను అది ఏదో నాయన చెప్పే వేళాకోళం అనుకునేదాన్ని.

పెరట్లోకి పరుగెత్తాను. బాత్‌రూము తూము కింద ఎప్పుడూ పచ్చిగా, నాచు పట్టి ఉండే చోటు తెల్లగా ఎండి, నెరెలు విచ్చి ఉంది. పైపు మూతి చుట్టూ వేలు దూరేంత సందు. మట్టి పైపును వదిలేసి పక్కకు జరిగినట్టుంది.

నీళ్ళు ఎక్కడికి పోయాయో నాకు బాగా తెలుసు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊరు మాది. ఎండలు మొదలైనప్పుడు అత్త ఇంట్లో ఒక చట్టం పెట్టింది. ఎవరు స్నానం చేసినా పెద్ద టబ్బులో నిలబడి చేయాలి. గుడ్డలు జాడించిన చివరి నీళ్ళు పారబోయకూడదు. అవన్నీ బకెట్లో పట్టి మగ్గం గుంతలో పరిచిన ఇసుక మీద చల్లుతుంది. మగ్గం గుంతలో చెమ్మ ఉండాలి. లేకపోతే పట్టుపోగు పెళుసెక్కి పుటుక్కుమంటుంది. ఆ చట్టం వల్లే ఆ వేసవిలో మా పడుగు తెగలేదు. వీధిలో అందరూ మెచ్చుకున్నారు కూడా. ఒక గుంత తాగే నీళ్ళు ఇంకో గుంతకు పోతున్నాయని ఎవరికి తడుతుంది?

అత్తకూ మా ఆయనకూ చెప్పాను. కంప్యూటర్ లోపల కొంచెం కరెంటు ఎప్పుడూ బయటికి కారుతుందనీ, అది నేలలోకి పోవాలనీ, నేల ఎండితే డబ్బాలోనే నిలబడుతుందనీ, ఆ గోలలో డిస్కు చెప్పే గుసగుస కంప్యూటర్‌కు వినపడదనీ చెప్పాను. చెబుతూనే నాకు సగం అనుమానం. అదేనని నాకు రూఢిగా తెలియదు.

మగ్గం పక్కన బకెట్టు నిండుగా ఉంది. మర్నాటి కోసం పట్టిపెట్టిన నీళ్ళు.

"అవి ముట్టుకోవద్దు" అన్నాడు మా ఆయన. "రేపు కొత్త పడుగు మొదలుపెట్టాల. గుంత ఎండితే పోగులన్నీ పోతాయి. నీళ్ళొచ్చినాక పోద్దాం దానికి."

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన చెప్పిందీ నిజమే. పడుగు తెగితే ఎన్నో రోజుల కష్టం మట్టిపాలు.

అత్త బకెట్టు వైపు చూసింది. మగ్గం వైపు చూసింది.

"ఈ పొద్దు మగ్గానికి అమాస. దానికి దప్పి ల్యా. పెరట్లోదానికి పోయండి."

"రేపటికి?"

"రేపటికి తానం మానుకుందాం. అంచే ల్యాకపోతే పడుగెందుకురా?"

బకెట్టు ఎత్తబోయింది. వేళ్ళు పట్టలేదు. మా ఆయన అందుకున్నాడు. మెయిన్ ఆపేసి పెరట్లోకి పోయాం. దిష్టి తీసిన ఉప్పు ఏం చేయాలని అత్త అడిగితే, నీళ్ళలోనే వేయమన్నాను. ఎర్తింగుకు ఉప్పు మంచిదే. "చూసినావా, దిష్టి ఉప్పు కావాల్సొచ్చె" అంది. ఆ సమయంలోనూ ఆమెకు గెలవాలి.

నీళ్ళు పైపు మొదట్లో పోయగానే బుస్సుమని శబ్దం వచ్చింది. నేల నీటిని తాగడం నేను అంతవరకు వినలేదు. బుడగలు లేచాయి, నెరెల్లోంచి గాలి బయటికి వచ్చింది, ఎక్కడో లోతున గుటక పడ్డట్టు వినిపించింది. వాన ముందు వచ్చే వాసన గుప్పుమంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ముగ్గురమూ ఆ గుంత చుట్టూ వంగి నిలబడి ఉన్నాం. బకెట్టంతా పోయింది. తాగే నీళ్ళ బిందెలోంచి కూడా కొంచెం తెచ్చి పోసింది అత్త.

కాసేపు ఆగి మెయిన్ వేశాం. టెస్టరు తీసుకుని డబ్బాకు ఆనించాను. వెలగలేదు. టెస్టరే చెడిపోయిందేమోనని ప్లగ్గులో పెట్టి చూశాను. అక్కడ వెలిగింది. మళ్ళీ డబ్బాకు ఆనించాను. చీకటి. నాకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. చెప్పులు విడిచేసి, ఉత్త కాళ్ళతో నేల మీద నిలబడి, అరచెయ్యి డబ్బా మీద పెట్టాను. చల్లగా, మామూలు ఇనుములా ఉంది.

డిస్కు తగిలించాను. లైటు. జుయ్యి. ఆ తర్వాత, ఎవరో తలుపు తట్టినట్టు కంప్యూటర్ చిన్న శబ్దం చేసి, డిస్కు పేరు తెర మీద చూపించింది.

పొద్దుటి నుంచీ అది అక్కడే ఉంది. అందులో కంకులున్నాయి, పిట్టలున్నాయి. అవి కనిపించడానికి గోడ అవతల మట్టి తడవాల్సి వచ్చింది. రేపు బస్సెక్కి అనంతపురం పోయి ఉంటే అక్కడ ఏ లోటూ లేకుండా కనిపించేదేమో, సంతోషంగా ఇంటికి తెచ్చుకుంటే మళ్ళీ మాయమయ్యేదేమో. దెయ్యం పట్టిందనే అనుకునేవాళ్ళం. మేము నమ్ముకునే వస్తువులు ఎక్కడెక్కడ వేర్లు దించి ఉంటాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంతో మాట పడిపోతుంది.

మొదట ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. మా ఆయన ఫోనులోకి కూడా. ఆ తర్వాతే తెరిచాను. చలికాలమంతా పెద్దది చేసుకుని గళ్ళు గళ్ళుగా చూసిన అంచును, మొదటిసారి చిన్నది చేసి మొత్తంగా తెర మీద నిలిపాను.

"రాత్తా, చూడు."

అత్త నెత్తిన ఉన్న కళ్ళద్దాలు కిందికి దించుకుంది. తెర మీద అంచు నిలువుగా ఉంటుంది. మగ్గం మీద నేసినట్టే కింది నుంచి పైకి గీస్తాం. జొన్న కంకులు ఒకదాని మీద ఒకటి పోతున్నాయి. కంకికొక పిట్ట. పిట్టల ముక్కులన్నీ కిందికే. నడుమ ఒక్కటి మెడ తిప్పి పైకి చూస్తోంది.

ఆమె చాలాసేపు చూసింది.

"నేసే మనిషి ఏపక్క ఉంటాడు మ్మే దీంట్లో?"

"కింది పక్కత్తా. పిట్టలన్నీ ఆయన దిక్కే చూస్తాండాయి."

"జాల పైపక్క గదా?"

"అవును."

ఆమె కొయ్యబారిన వేలు తెర మీద ఆ ఒక్క పిట్ట దగ్గర ఆనింది. అది చూసే వైపు మెల్లగా పైకి జరిగింది, తెర అంచుదాకా పోయింది, అక్కడ ఆగింది.

"నేనుండేది ఆడ" అంది. "తాళ్ళు పట్టుకోని ఆడ కూచోనుంటి."

మా ఆయన తల్లి వైపు చూశాడు. నేను పెద్దాయన తప్పు అనుకున్నది ఇదే.

"మా నాయన తల ఎత్తి చూసేటోడు కాదు నన్ను. పనిలో పడితే పేరు పెట్టి గూడా పిలిచేటోడు కాదు. తాడు తప్పితే తిట్టేటోడు, అంతే" అంది. "ఆ తాడు నా చేతనే లాగించినాడు గదా పాపా. ఇన్నేండ్లూ లాగితి. అది నన్ను చూస్తాండాదని తెలీకపాయ."

ఆమె వేలు తెర మీది నుంచి తీయలేదు. నేను కంప్యూటర్ ఆపలేదు.